తెగిన పోగు

రాత్రి తొమ్మిది దాటింది. కోఠీ గుజరాతీ గల్లీలో షట్టర్లు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. మూడో అంతస్తులో, మంచమంత వెడల్పున్న ఓ గదిలో, టేబుల్ లైటు కింద మా నాన్న ల్యాప్‌టాప్ విప్పి పరిచి ఉంది. కీబోర్డు ఒక పక్క, తెర ఒక పక్క, మరలన్నీ ఓ స్టీలు గిన్నెలో. నడుమ ఆకుపచ్చటి మదర్‌బోర్డు.

పెద్దాయన కంటికి భూతద్దం తగిలించుకుని బోర్డు మూల సన్నటి బ్రష్షుతో తుడిచాడు. తలెత్తకుండానే అన్నాడు.

"ఇగో, ఈడ సూడు బిడ్డా. లైను తెగింది."

వంగి చూశాను. వెంట్రుకంత రాగి గీత. నడుమ బియ్యపుగింజ పొడవున లేదు, దాని చోట పచ్చటి తుప్పు. మా ఇంట్లో అయితే "పోగు తెగింది" అనేవాళ్లు. నాన్న తొమ్మిదేళ్లు కూర్చుని ఈ పెట్టెలో రాసుకున్నవన్నీ పోగుల గురించిన మాటలే. ఆ మాటలకూ మాకూ మధ్య ఇప్పుడు అడ్డం నిలబడింది బియ్యపుగింజంత ఖాళీ.

నాన్న పెట్టె

మాది చీరాల పక్కన జాండ్రపేట. తాతది గుంట మగ్గం. నాన్న మగ్గం దిగి చదువుకుని హైస్కూల్లో తెలుగు మాస్టారయ్యారు. మగ్గం దిగారే గానీ, మగ్గం మాటలు ఆయన్ని వదల్లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి పర్యవేక్షణలో మాండలిక వృత్తి పదకోశాలు వచ్చిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. వ్యవసాయ పదాలది 1962లో, చేనేత పదాలది 1971లో. ఆ రెండో సంపుటం నాన్న బల్ల మీద నుంచి ఎప్పుడూ కదిలేది కాదు. "మన పేట మాటలు ఇందులో చేరాల్సినవి ఇంకా ఉన్నాయమ్మా" అనేవారు.

వైటూకే పనికి అమెరికా వెళ్లిన మా అన్నయ్య 1999లో సెలవుకి వస్తూ ఓ ల్యాప్‌టాప్ తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. పెంటియం-2 ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, 4 జీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 98. చీరాలలో డీటీపీ పని చేసే ఒకతను అందులో తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చాడు. నాన్న దాన్ని ఎన్నడూ ల్యాప్‌టాప్ అనలేదు. "పెట్టె" అనేవారు.

సాయంత్రాలు నోటుబుక్కు పట్టుకుని పేటంతా తిరిగేవారు. రాత్రి పెట్టె ముందు కూర్చునేవారు. పడుగు, పేక, నాడె, కండె, చిలప, పన్నె, ఆసు, కుంచె. ఒక్కో మాటకీ అర్థం, ఏ వీధిలో విన్నారో, ఎవరు చెప్పారో అన్నీ రాసేవారు. అంతా అయ్యాక ఒకేసారి ప్రింటు తీద్దామనుకున్నారు. 2008లో గుండెపోటుతో వెళ్లిపోయారు. అమ్మ ఆ పెట్టెని ఆయన పంచెలో చుట్టి బీరువాలో పెట్టింది.

బటన్ నొక్కితే...

మొన్న వేసవిలో అమ్మ ఫోన్ చేసింది. "చేనేత మీద పరిశోధన చేస్తున్న పిల్ల ఎవరో వచ్చిందే. పాత మాటలు అడుగుతోంది. చెప్పగలిగిన వాళ్లు పేటలో ఇంకెవరున్నారు? మీ నాన్న రాసినవి బయటికి తియ్యవే."

వెళ్లాను. పంచె విప్పాను. నల్లటి మూత మీద నాన్న అంటించిన చిన్న పసుపు చీటీ ఇంకా ఉంది. నకలు కోసం ఆయన ఉంచిన 2 ఫ్లాపీలు చూస్తే, లోపలి బిళ్ల మీద తెల్లటి బూజు. చార్జర్ గుచ్చి బటన్ నొక్కాను. పెట్టెలో దీపం వెలగలేదు. చార్జర్ మాత్రం సన్నగా ఈల వేసింది. పదిసార్లు నొక్కాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది, ఏమీ అనలేదు.

అలా గుచ్చడమే నేను చేసిన తప్పని తర్వాత తెలిసింది.

హైదరాబాద్ తిరిగి వచ్చి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్లాను. ఒక షాపులో చూడకుండానే "బోర్డు పోయింది మేడమ్, వీటికి పార్టులు దొరకవు" అన్నారు. ఇంకో షాపులో ఓ కుర్రాడు ఓపికగా హార్డ్‌డిస్కు బయటికి తీశాడు. 44 పిన్నుల పాత డిస్కు. దాన్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ తగిలించి తన కంప్యూటర్‌లో పెట్టాడు. డిస్కు తిరిగింది! ఫైళ్లు వరసగా కనబడ్డాయి. "మగ్గం" అనే ఫోల్డరు ఉంది. నా చేతులు వణికాయి.

ఫైలు తెరిచాడు. తెర నిండా గజిబిజి గుర్తులు. ఇంగ్లిష్ అక్షరాలు, విరామ చిహ్నాలు, యూరపు భాషల టోపీ అక్షరాలు. తెలుగు ఒక్క ముక్క లేదు.

అక్షరం ఉంది, చదవలేం

ఇందులో డిస్కు తప్పేమీ లేదు. ఆ రోజుల్లో తెలుగును కంప్యూటర్‌లో దాచిన తీరే అలాంటిది. ఈరోజు ఫోనులో మనం "క" అని కొడితే, ప్రపంచంలో ఏ యంత్రమైనా దాన్ని "క" గానే గుర్తుపడుతుంది. యూనికోడ్ పట్టికలో తెలుగుకు సొంతంగా 128 గళ్లున్నాయి. ఆ పట్టిక తొలి రూపం 1991లోనే వచ్చింది గానీ, మన ఇళ్లలోని కంప్యూటర్లకు చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. విండోస్ 98కి తెలుగు యూనికోడ్ తెలియదు.

అందుకని అప్పటి సాఫ్ట్‌వేర్‌లు ఓ ఉపాయం పన్నాయి. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చాయి. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, గుడి ఒక గడిలో, ఒత్తులు వేరే గళ్లలో. ఏ ముక్క ఏ గడిలో ఉందో ఆ ఫాంటుకే తెలుసు. ఒక కంపెనీ వరస ఇంకో కంపెనీది కాదు. బాగా వాడుకలో ఉన్న ఫాంట్లకు ఇప్పుడు మార్పిడి సాధనాలున్నాయి. నాన్న వాడిన ఫాంటుకు మాకు దొరకలేదు.

ఫైలు చదవాలంటే ఆ సాఫ్ట్‌వేరే కావాలి. దాని సీడీ ఎప్పుడో పోయింది. పైగా దానికో లాకు ఉండేది. ల్యాప్‌టాప్ వెనకాల ప్రింటరు తగిలించే 25 పిన్నుల పోర్టుకి గుచ్చే అగ్గిపెట్టెంత ముక్క. అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. అప్పట్లో తెలుగు డీటీపీ సెంటర్లలో పనిచేసిన ప్రతివాళ్లకీ ఆ లాకు గుర్తుండే ఉంటుంది.

అంటే నాన్న మాటలు బయటికి రావాలంటే నాన్న పెట్టే లేచి కూర్చోవాలి.

"ఊపిరుంది"

ఆ కుర్రాడే కోఠీలో పెద్దాయన సంగతి చెప్పాడు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు దాటి, ఇప్పుడు పాత బోర్డులు మాత్రమే చూస్తాడట. ఏ శని, ఆదివారమో వెళ్తే తీరిగ్గా ఉంటాడట. శనివారం సాయంత్రం వెళ్లాను. నేను తెచ్చినవన్నీ బల్ల మీద పెట్టించుకుని ముందు అడిగిన ప్రశ్న: "ఇది బందై ఎన్నేండ్లాయె?"

చెప్పాను.

"మరి అన్నేండ్లు పండుకున్నదాన్కి దబ్బున కరెంటు ఇస్తరా బిడ్డా? ముందుగాల చార్జరు చూడాలె గద."

మల్టీమీటర్ పెట్టాడు. 15 వోల్టుల చార్జర్ 15.2 చూపించింది. బాగానే ఉందిగా అనుకున్నాను. ఆయన సొరుగులోంచి స్కూటర్ ఇండికేటర్ బల్బు తీసి చార్జర్ కొసలకు ఆనించాడు. బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబారింది. మీటరు 6కి పడిపోయింది. చార్జర్ మళ్లీ ఈల వేసింది.

"చేతుల ఏం లేనప్పుడు నిలబడ్తది. బరువు పెడితే కూలబడ్తది" అన్నాడు. లోపలి కెపాసిటర్లు ఏళ్ల తరబడి ఎండిపోతే ఇలాగే అవుతుందట. మీటరు ఒక్కదాన్నే నమ్మితే చార్జర్ మంచిదని పొరబడతాం. బరువు పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది.

చార్జర్ పక్కన పడేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే చార్జర్ మారిస్తే సరిపోతుందా బాబాయ్?" అన్నాను.

"ఆగు."

ల్యాప్‌టాప్‌లోంచి బ్యాటరీ తీసేశాడు. ర్యామ్ తీశాడు. సీడీ డ్రైవు తీశాడు. మిగిలి ఉన్న కరెంటు ఖాళీ కావాలని పవర్ బటన్‌ని అర నిమిషం అదిమి పట్టాడు. తర్వాత బల్ల మీది పవర్ సప్లై నుంచి 15 వోల్టులు ఇచ్చాడు. ఎంత కరెంటు లాగుతోందో అందులో అంకెల్లో కనబడుతుంది. హద్దు దాటితే అదే ఆపేస్తుంది. బోర్డులో ఏదైనా షార్టయి ఉంటే కాలిపోకుండా ఈ హద్దు కాపాడుతుంది.

అంకె 0.00 నుంచి 0.03కి వెళ్లి అక్కడ నిలిచింది.

పెద్దాయన ముఖం విప్పారింది. "సావలే బిడ్డా. ఊపిరుంది."

ల్యాప్‌టాప్ ఆపేసి ఉన్నా అందులో ఓ చిన్న భాగం మెలకువగానే ఉంటుందట. బటన్ ఎప్పుడు నొక్కుతారా అని కాచుకుని ఉండే చిన్న చిప్పు. ఆ 0.03 ఆంపియర్లు దాని ఊపిరి. బోర్డు షార్టయి ఉంటే అంకె ఎగబాకేది, పూర్తిగా పోయి ఉంటే సున్నా దగ్గరే ఉండేది. ఆయన బటన్ నొక్కాడు. 0.03 కదల్లేదు. మళ్లీ నొక్కాడు. కదల్లేదు.

"నువ్వు పిలుస్తున్నవ్. అది వింటలేదు. పిలుపు ఏడనో ఆగుతుంది."

నాణెమంత బ్యాటరీ

పిలుపు వెంట ఆయన మీటరు నడిచింది. బటన్ దగ్గర పెడితే, నొక్కినప్పుడల్లా బీప్ వచ్చింది. అంటే బటన్ మంచిదే. చిప్పు దగ్గర పెడితే, నొక్కినా వదిలినా 3 వోల్టుల దగ్గరే ఉంది. నొక్కినప్పుడు అది సున్నాకి పడాలి. ఆ రెంటి మధ్య దారిలో, కీబోర్డు కింద, నీలం తొడుగులో నాణెమంత బిళ్లలు మూడు ఒకదాని మీద ఒకటి కూర్చిన చిన్న బ్యాటరీ ఉంది. తొడుగు ఉబ్బి ఉంది. చుట్టూ తెల్లటి పొడి, పచ్చటి మరక.

ల్యాప్‌టాప్ ఆపేసినా గడియారం తిరగడానికి ఇలాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఆ కాలపు చాలా యంత్రాల్లో అది చార్జయ్యే రకం నికెల్ బ్యాటరీ. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే పూర్తిగా ఖాళీ అయి, అంచులు వదిలి, లోపలి క్షారం బయటికి ఊరుతుంది. రాగి గీతల వెంట పాకుతూ వాటిని తినేస్తుంది. పైగా మా ఊరికి సముద్రం దగ్గర. ఆ ఉప్పుగాలి, ఆ తేమ దానికి తోడయ్యాయి. నాన్న పంచెలో చుట్టి పదిలంగా దాచుకున్నాం అనుకున్న అన్నేళ్లూ పెట్టె లోపల ఈ బొట్టు తన పని తాను చేసుకుపోయింది.

పెద్దాయన కట్టరుతో బ్యాటరీ కాళ్లు కత్తిరించి తీసేశాడు. అరలోంచి ఓ సీసా అందుకున్నాడు. "సిర్కా" అన్నాడు. వెనిగర్! క్షారానికి ఆమ్లం విరుగుడు. దూది పుల్లతో మరక మీద అద్దితే సన్నగా నురగ వచ్చింది. రెండుసార్లు అద్ది, తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాడు. అక్కడ దాన్ని అందరూ ఐపీఏ అంటారు. టేబుల్ లైటు కింద ఆరనిచ్చాడు. పచ్చదనం పోయాక దాని కింద దాక్కున్న ఖాళీ బయటపడింది. నేను మొదట చెప్పిన తెగిన గీత అదే.

పాత స్పీకరు కాయిల్ నుంచి వెంట్రుకంత రాగి తీగ ఊడదీశాడు. దాని కొసల మీది పూత గీకాడు. రాగి గీత తెగిన రెండు కొసల మీదా ఆకుపచ్చ పొరను బ్లేడుతో గీకి మెరిపించాడు. సోల్డరింగ్ ఐరన్ ఆనించాడు. సన్నటి పొగ లేచింది. వాళ్ల భాషలో దీన్ని జంపర్ కొట్టడం అంటారు. మగ్గం మీద తెగిన పోగును రెండు వేళ్ల మధ్య నలిపి, ముడి కనపడకుండా అతికే మా తాత చేతులు నాకు గుర్తొచ్చాయి.

10.40కి

బటన్ నొక్కే ముందు ఆయన ఇంకో పని చేశాడు. "అసలు డిస్కు తిప్పద్దు. ముసలిదైంది. ఏమన్నా అయితే మల్ల దొర్కది" అంటూ, డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఓ మెమరీ కార్డులోకి నకలు తీయించాడు. పాత డిజిటల్ కెమెరాల్లో వాడిన కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు. చిన్న అడాప్టర్‌తో దాన్ని హార్డ్‌డిస్కు చోట అమర్చాడు. తీసిన ర్యామ్, తెర, కీబోర్డు మళ్లీ తగిలించాడు. నాన్న డిస్కును గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. "దీన్ని భద్రంగ పెట్టుకో."

గడియారం 10.40 చూపిస్తోంది. "నువ్వే నొక్కు బిడ్డా" అన్నాడు.

నొక్కాను. 0.03 కాస్తా 0.8 అయింది. తర్వాత 1.3. ఫ్యాను గురగురమని తిరిగింది. బీప్ వినబడింది. తెర మీద ఇంగ్లిష్‌లో ఓ ఫిర్యాదు: గడియారం పోయింది, తేదీ పెట్టండి. తేదీ పెట్టాం. విండోస్ 98 మేఘాల బొమ్మ వచ్చింది. తర్వాత నాన్న డెస్క్‌టాప్. ఓ మూల "మగ్గం".

సాఫ్ట్‌వేర్ తెరిచాను. చిన్న పెట్టెలో ఒక్క వాక్యం వచ్చింది. లాకు కనబడలేదట.

ఆ రాత్రివేళ అమ్మకు ఫోన్ చేశాను. వెనక పోర్టుకి గుచ్చే ముక్క ఎలా ఉంటుందో వివరించాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"నల్లగా, రెండు పక్కలా పళ్లున్నదేనా? ఆయన కళ్లజోడు పెట్టెలో ఉందే. ఏదో కరెంటు సామానని దాచా. పారేయబుద్ధి కాలా."

మర్నాడు రాత్రి రైలెక్కి అమ్మే దాన్ని తీసుకొచ్చింది.

అమ్మ దిద్దిన పేజీ

పెద్దాయన గదిలో ఉన్న ఒక్క కుర్చీ అమ్మకు వేశాడు. లాకు గుచ్చాం. ఈసారి సాఫ్ట్‌వేర్ అడ్డు చెప్పలేదు. గజిబిజి గుర్తులన్నీ ఒక్కసారిగా తెలుగై నిలిచాయి. వెయ్యికి పైగా మాటలు. ఒక్కో మాట కింద "చెప్పినది" అని ఓ పేరు. చాలా చోట్ల ఒకే మాట: "చెప్పినది: మా ఇంటావిడ."

పెళ్లి కాకముందు పుట్టింట్లో అమ్మ కండెలు చుట్టేది, ఆసు పోసేది. నాన్న ఇవన్నీ ఆమెను అడిగి రాసుకున్నారని నాకు ఆ క్షణం దాకా తెలియదు. అమ్మ కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. "గంజి" దగ్గర ఆగింది. పడుగును వీధిలో సాచి పొద్దున్నే గంజి పెడతారని నాన్న రాశారు.

"పొద్దున్నే కాదన్నయ్య గారూ, తెల్లారగట్ట" అంది పెద్దాయనతో. "ఎండ పొడిచేలోపు కుంచె తియ్యాలి. పొద్దెక్కితే గంజి ఆరిపోయి పోగులు అంటుకుపోతాయి. ఈయనకి చెప్పా కూడా. సరిగ్గా వినలేదు." నా వైపు తిరిగింది. "దిద్దవే."

దిద్దాను. తొమ్మిదేళ్లు నడిచి ఆగిపోయిన పని ఆ గదిలో మళ్లీ నడక మొదలుపెట్టింది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఫైలును ఇస్కీ పద్ధతిలో దాచుకునే వీలుంది. ఇస్కీ అంటే 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖరారు చేసిన, బ్రాహ్మీ నుంచి పుట్టిన మన లిపులకు ఉమ్మడి అక్షర పట్టిక. యూనికోడ్‌లో తెలుగు గళ్ల వరస దాని తొలి రూపాన్ని అనుసరించే కూర్చారు కాబట్టి, ఇస్కీ నుంచి యూనికోడ్‌కి మార్చడం కష్టం కాదు. ఒక పగలు పట్టింది. ఇప్పుడు నాన్న మాటలు అమ్మ ఫోనులో ఉన్నాయి. పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయి దగ్గరా ఉన్నాయి.

మీ ఇంట్లోనూ ఉండవచ్చు

తెలుగులో ఎంతో మంది మాస్టార్లు, విలేకరులు, రచయితలు, డీటీపీ చేసేవాళ్లు ఆ రోజుల్లో ఇలాంటి పెట్టెల్లోనే రాశారు. వాటిలో చాలా అటకల మీద, బీరువాల్లో ఉన్నాయి. మీ ఇంట్లో ఒకటి ఉంటే, దయచేసి నేను చేసినట్టు చార్జర్ గుచ్చి చూడకండి. ముందు పెద్ద బ్యాటరీ తీసేయండి. తెలిసినవాళ్ల చేత మూత విప్పించి, లోపలి చిన్న బ్యాటరీ కారిందేమో చూడమనండి, కారకపోయినా తీసేయమనండి. యంత్రాన్ని లేపే ముందే హార్డ్‌డిస్కు తీయించి నకలు తీసుకోండి. పాత సీడీలు, లాకులు, పోర్టుకి గుచ్చే నల్ల ముక్కలు ఏవీ పారేయకండి. అక్షరాలు కనబడిన రోజే యూనికోడ్‌కి మార్చి, రెండు చోట్ల దాచండి. ఎవరైనా చూడకుండానే "బోర్డు పోయింది" అంటే అక్కడితో వదలకండి, ఇంకొకరికి చూపించండి.

పెద్దాయన అందరికీ చెప్పే మాట ఒకటుంది. కారే బ్యాటరీ ఎవరి కోసమూ ఆగదు, ఈ ఏడు తినని గీతను వచ్చే ఏడు తింటుంది. ఈ ఆదివారమే బీరువా తెరవండి.